కాదమ్మ ఔనన్న జిగురు

సొరంగం లోపల ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. మొదట్లో చాటుగా కాదమ్మ అనేవాళ్లు, తర్వాత ఎదుటే అనడం మొదలుపెట్టారు, చివరికి పెద్దసారు కూడా మీటింగులో "ఏమంటారు కాదమ్మగారూ?" అని అడిగేదాకా వచ్చింది. ఆవిడ కూడా ఆ పేరుకు పలకడం అలవాటు చేసుకుంది.

పేరు ఊరికే రాలేదు. కొండ కడుపులో, నెత్తిమీద కిలోమీటరు మందాన రాయి ఉన్న ఆ ప్రయోగశాలలో ఒక పెద్ద ఉక్కు పాత్ర ఉంది. దాని నిండా ఒత్తిడితో కూరిన జినాన్ వాయువు. ఆ వాయువులో ఏ ఏడాదికో ఒకసారి జరిగితే జరగొచ్చు, అసలు జరగకనే పోవచ్చు అనే ఒక సంఘటన కోసం పాతికమంది కాపు కాస్తున్నారు. అంత అరుదైనది కంటపడాలంటే చుట్టూ చిన్న అలికిడి కూడా ఉండకూడదు. ఆకాశం నుంచి రాలే కిరణాలను కొండ ఆపుతుంది. మనం చేతులారా లోపల పెట్టే వస్తువుల మాటేమిటి? ప్రతి మరలోనూ, ప్రతి తీగలోనూ, ప్రతి రబ్బరు వలయంలోనూ పిసరంత యురేనియమో థోరియమో ఉంటుంది. ఆ పిసరు చాలు, కొంప ముంచడానికి.

అందుకని పాత్రలోకి వెళ్లే ప్రతి వస్తువూ ముందు ఆమె గదికి రావాలి. సీసం ఇటుకలతో కట్టిన గూటిలో రేడియోధార్మికతను లెక్కపెట్టే కౌంటరు ఒకటి ఉంటుంది. వస్తువును అందులో పెట్టి, గూడు మూసి, వారాల తరబడి కొలుస్తుంది. తర్వాత ఫలితం చూసి, తెచ్చినవాళ్ల మొహం వైపు చూడకుండానే "కాదు" అంటుంది. పదిట్లో తొమ్మిది సార్లు ఆ మాటే. కొందరు మొహం మాడ్చుకునేవాళ్లు. కొందరు బతిమాలేవాళ్లు. ఒకాయనైతే "మేడమ్, మీరు పెళ్లిచూపులకొచ్చిన మగపెళ్లివాళ్ల కంటే ఘోరం" అని తలుపు విసురుగా వేసి వెళ్లాడు.

ఒక్క మనిషి మాత్రం ఆ మాటను తలొంచి పుచ్చుకుని, "సరే మేడమ్, ఇంకోటి తెస్తాను" అని నవ్వుతూ వెళ్లేవాడు. ఆయన గ్యాసు మాస్టారు.

జినాన్‌ను సిలిండర్ల నుంచి పాత్రలోకి ఎక్కించడం, పంపులతో తిప్పడం, శుద్ధి చేయించడం, ఒక్క బుడగ కూడా బయటికి పోకుండా చూడడం ఆయన పని. యాభైకి దగ్గర పడ్డాడు. ముందు సిలిండర్లు నింపే ఫ్యాక్టరీలో చేసి ఇక్కడికి వచ్చాడు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదంటే ఆయనకూ సరిగ్గా తెలియదు, ఏడాది ఏడాదీ వాయిదా పడుతూ వచ్చి అలా ఉండిపోయింది. "మాటల్లో గ్యాసు కొట్టేవాళ్లు లోకం నిండా ఉన్నారు, నెలజీతానికి గ్యాసు కొట్టేవాణ్ణి నేనొక్కణ్ణే" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. పంపులతోనూ వాల్వులతోనూ "ఏమ్మా, ఇవాళ అలకా?" అని మాట్లాడేవాడు. మనుషులతో, అందులోనూ ఆమెతో మాట్లాడాల్సి వస్తే మాత్రం నీళ్లు నమిలేవాడు.

ఇద్దరూ ఒకరినొకరు ఎక్కువగా చూసింది కళ్లే. లోపల పనిచేసేవాళ్లంతా ఆపాదమస్తకం తెల్లటి సూట్లు వేసుకుని, తలకు టోపీ, మూతికి మాస్కు పెట్టుకోవాలి. మొహంలో కళ్లు తప్ప ఏమీ కనపడవు. ఆ కళ్ల చుట్టూ ముడతలు పడితే ఆయన నవ్వుతున్నట్టని ఆమె గుర్తుపట్టేది.

* * *

సొరంగం మూతి నుంచి బస్సులో అరగంట దూరంలో, రెండో అంతస్తులో ఆమె ఇల్లు. ఆ ఇంట్లో ఆమె, అత్తగారు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. జబ్బు అని తెలిసిన కొన్ని వారాలకే పోయాడు. పిల్లలు లేరు. దినవారాలైపోయాక బంధువులు "ఆ అమ్మాయి పుట్టింటికి పోతుందా? మీరు మీ అక్కగారింటికి పోతారా?" అని అత్తగారిని అడిగితే, ఆవిడ "ఎవరూ ఎక్కడికీ పోరు. గ్యాసు బండ తెచ్చే అబ్బాయిని రేపు రమ్మని చెప్పాను, ఇద్దరం ఇంట్లో ఉండాలి" అంది. అంతే. ఆ విషయం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఊళ్లో ఎవరెవరికి ఎవరితో మాటలుండేవో ఆవిడకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అంత తెలిసినా ఒక్క ముక్క బయటపెట్టేది కాదు. సొంత విషయాల్లో మాత్రం నోట్లో నువ్వుగింజ నానేది కాదు.

"ఇంతకీ దేనికోసం వెతుకుతున్నారే మీరంతా?" అని ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ అడిగింది. అప్పటికి చాలాసార్లు అడిగింది, కోడలు చాలాసార్లు చెప్పింది.

"జినాన్ పరమాణువు ఒకటి ఉండి ఉండి తనంతట తనే మారిపోతుంది అత్తయ్యా. మారేటప్పుడు రెండు ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. వాటితోపాటు రెండు న్యూట్రినోలు కూడా వస్తాయి. అవి మన కంటికి దొరకవు, ఎంతో కొంత శక్తి పట్టుకుని జారిపోతాయి. ఇది మామూలుగా జరిగేది."

"ఊఁ."

"ఎప్పుడైనా ఆ న్యూట్రినోలు రాకుండా, ఒట్టి ఎలక్ట్రాన్లు మాత్రమే వస్తాయా అని చూస్తున్నాం."

అత్తగారు మడత ఆపింది. "వచ్చేవాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లని చూశాను. రానివాళ్ల కోసం ఇంత ఖర్చుపెట్టి ఎదురుచూడ్డం ఇప్పుడే వింటున్నా."

"అవి రాకపోతే న్యూట్రినోకి విడిగా ప్రతికణమంటూ లేదని, తనకి తనే ప్రతికణమని తేలుతుంది. అది తేలితే, మొదట్లో పదార్థమూ ప్రతిపదార్థమూ ఒకదాన్నొకటి తుడిచిపెట్టేసుకుని పోకుండా ఇంత లోకం ఎందుకు మిగిలిందో చెప్పడానికి ఒక దారి దొరుకుతుంది."

"అంటే మనం ఎందుకు మిగిలామో."

"అలాగే అనుకోండి."

ఆవిడ మడతపెట్టిన తువ్వాలును ఒళ్లో పెట్టుకుని కాసేపు కిటికీలోంచి వీధిలోకి చూసింది. "మంచిదే. వెతకండి" అంది.

* * *

పాత్ర లోపల అధిక వోల్టేజీ ఉండే వలయాలను ప్లాస్టిక్ దిమ్మెలకు అతికించడానికి ఒక జిగురు కావాలి. గ్యాసు మాస్టారు ఒకదాని తర్వాత ఒకటి జిగుళ్లు తెచ్చాడు. ఒకటి పసుపు, ఒకటి బూడిద రంగు, ఒకటి తేనెలా. ఒక్కోదాన్నీ చిన్న దిమ్మెగా గట్టిపరిచి, సంచిలో వేసి, సీలు వేసి, పసిపిల్లను అందించినట్టు రెండు చేతులతో అందించేవాడు. వారాల తర్వాత "కాదు" పట్టుకుని వెళ్లేవాడు.

ఒకరోజు ఆయన పాలరంగు దిమ్మె ఒకటి తెచ్చాడు. కౌంటరు గూటిలో అది చాలాకాలం ఉంది. ఫలితం వచ్చినరోజు ఆమె స్క్రీను చూసింది. గూడు ఖాళీగా ఉన్నప్పటి గీతకూ దిమ్మె ఉన్నప్పటి గీతకూ తేడా కనపడలేదు. మళ్లీ ఖాళీగూడు కొలిచింది. మళ్లీ దిమ్మె పెట్టింది. తేడా లేదు.

ఆయన తలుపు దగ్గర నిలబడి, "ఇంకోటి వెతకనా మేడమ్?" అన్నాడు.

"అక్కర్లేదండి. ఇది పనికొస్తుంది."

"పనికి...?"

"ఔను. ఇది ఔను."

ఆయన అక్కడే నిలబడిపోయాడు. కళ్ల చుట్టూ ముడతలు పడ్డాయి. థాంక్యూ అనాలో, అభినందించాలో తెలియక రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికల్లా కాంటీనులో "కాదమ్మ ఔనందట!" అన్న మాట బల్లలు మారింది. "ఎవరికి?" అంటే "మాస్టారికి!" అనేవాళ్లు. జిగురు సంగతి మధ్యలో ఎక్కడో రాలిపోయింది. సాయంత్రం బస్సులో తోటి ఉద్యోగిని ఒకావిడ ఇంటిదాకా నవ్వుతూనే వచ్చి, గుమ్మం దగ్గర ఆ ముచ్చట అత్తగారి చెవిన వేసి మరీ వెళ్లింది.

మర్నాడు అత్తగారు, "మీ గ్యాసు మాస్టారి నంబరుందా? మన స్టవ్వు దగ్గర ఏదో వాసనొస్తోంది" అంది.

"ఏజెన్సీకి ఫోన్ చేద్దాం అత్తయ్యా."

"ఏజెన్సీవాళ్లు వస్తారు, చూస్తారు, పోతారు. తెలిసిన మనిషైతే నమ్మకం."

ఆదివారం ఆయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, చిన్న పెట్టె పట్టుకుని, గుమ్మం బయట చెప్పులు విడిచి వాటిని సరిగ్గా పక్కపక్కన పెట్టి లోపలికొచ్చాడు. సబ్బునీళ్ల నురగ రెగ్యులేటరుకీ, గొట్టానికీ, స్టవ్వు కీళ్లకూ పూసి, మోకాళ్ల మీద కూర్చుని బుడగల కోసం చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమీ లేదండి అమ్మగారూ. చుక్క కూడా లీకవడం లేదు."

"అలాగా? మరి నాకే వచ్చిందేమో వాసన. పెద్దదాన్నయ్యాను కదా, ముక్కుకి చాదస్తం. చేతులు కడుక్కోండి, భోజనం వడ్డిస్తున్నా."

మాస్కు లేని ఆయన మొహాన్ని ఆమె అంత దగ్గరగా చూడడం అదే మొదలు. గడ్డం మీద చిన్న గంటు ఉంది. నవ్వితే ఒక పక్కకు వంకరగా నవ్వుతాడు. ఇన్నాళ్లూ తను ఊహించుకున్న మొహానికీ ఈ మొహానికీ పొంతన లేదు, ఇదే బాగుంది. ఆ ఆలోచన రాగానే ఆమె లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. బల్లమీద అప్పటికే నిండుగా నీళ్లున్నాయి.

రెండు వారాల తర్వాత స్టవ్వు దగ్గర మళ్లీ వాసనొచ్చింది. ఆ తర్వాత నెలలో ఇంకోసారి. నాలుగోసారి ఆయన పెట్టె తేవడం మర్చిపోయి వచ్చాడు. అత్తగారు పెట్టె గురించి అడగనూ లేదు.

* * *

వలయాలు అతికించారు. పాత్ర మూసి, గాలంతా లాగేసి, జినాన్ ఎక్కించారు. కొలతలు మొదలయ్యాయి. అందరూ మిఠాయిలు పంచుకున్నారు.

నెల తిరగకుండానే పెద్దసారు అందరినీ పిలిచాడు. ఆయన పొట్టిమనిషి, కోపం రాదు, బాధొస్తే మాత్రం గొంతు మరీ మెత్తబడుతుంది. ఆరోజు గొంతు పత్తిలా ఉంది.

"వాయువులో రేడాన్ ఉంది" అన్నాడు. "మనం అనుకున్నదానికి చాలా ఎక్కువ."

రేడాన్ అంటే ఏమిటో అందరికీ తెలుసు. యురేనియం సంతతిలో పుట్టే వాయువు అది. రాళ్లలోంచి, లోహాల్లోంచి, దేన్లోంచైనా మెల్లగా ఊరి బయటికొస్తుంది. దాని పిల్లల్లో బిస్మత్ అని ఒకటుంటుంది. దాన్నుంచి వచ్చే శక్తి, వాళ్లు వెతుకుతున్న శక్తికి పక్కింట్లోనే కాపురం. అసలు మనిషి వచ్చాడా, పక్కింటాయన వచ్చాడా అన్నది పోల్చుకోవడం కష్టం.

"ఎక్కణ్ణుంచి వస్తోందో రెండు అనుమానాలున్నాయి" అన్నాడు పెద్దసారు. "ఒకటి, గ్యాసును శుద్ధిచేసే గెటర్ డబ్బా. రెండోది కొత్త జిగురు. గెటరైతే మార్చుకోవచ్చు. జిగురైతే పాత్ర విప్పాలి. ఏడాది పోతుంది."

ఆమె చేతిలో పెన్ను మూత తీసింది, పెట్టింది. తీసింది, పెట్టింది.

జిగురు దిమ్మెను తను కొలిచింది నిజమే. గూటిలో కౌంటరు చూసేది దిమ్మె లోపలి గామా కిరణాలను. కానీ పొడి వాయువులో, అంత ఒత్తిడిలో, అంత పల్చటి పొరగా ఉన్నప్పుడు దాని పైపొరలోంచి రేడాన్ ఊరుతుందా అన్నది వేరే పరీక్ష. ఆ పరీక్ష కూడా చేయిద్దామా అని ఒకసారి అనిపించింది. కౌంటరు ఫలితం అంత బాగా వచ్చాక అక్కర్లేదనుకుంది. ఎందుకనుకుంది? ఆ పాలరంగు జిగురు తెచ్చింది ఇంకెవరైనా అయుంటే, ఇంకెవరైనా ఆ గుమ్మంలో అలా నిలబడి ఉంటే, ఆ పరీక్ష చేయించేదేమో.

ఆ ఆలోచన ఒకసారి లోపలికి దూరాక ఆమెను నిలవనీయలేదు. సాయంత్రం, ఈమధ్య ఆమె బస్సే ఎక్కుతున్న ఆయన పక్కసీటు చూపిస్తే చూడనట్టు ముందుకెళ్లి కూర్చుంది. ఇంటికెళ్లి "ఈ ఆదివారం ఎవర్నీ పిలవకండి అత్తయ్యా" అంది.

"స్టవ్వు..."

"స్టవ్వుకేం కాలేదు. ఎప్పుడూ ఏం కాలేదు. నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు."



* * *

మర్నాడు ఆమె పెద్దసారు గదికి వెళ్లేసరికి గ్యాసు మాస్టారు అప్పటికే అక్కడున్నాడు.

"నేనే సార్" అంటున్నాడు. "గెటర్ నేనే ఎంచుకున్నా. ఆ కంపెనీ సామాను నాకు ఫ్యాక్టరీ రోజుల నుంచి అలవాటు, అందుకే తెప్పించా. తప్పు నాదే."

"కాదు సార్" అంది ఆమె గుమ్మంలోంచే. "జిగురు నేను పాస్ చేశాను. చేయాల్సిన పరీక్ష ఒకటి వదిలేశాను. తప్పు నాది."

"మేడమ్, మీకు సంబంధం లేదు, ఊరుకోండి."

"మీరెందుకు ఊరుకోవట్లేదు?"

"మేడమ్ చూసిన వస్తువులో తప్పుండదు సార్. ఇన్నాళ్లూ నాకు ఎన్నిసార్లు కాదన్నారో నాకు తెలుసు."

"అదే నేనూ అనేది. ఆ ఒక్కసారి ఔనన్నాను!"

ఆయన నేల చూశాడు. పెద్దసారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

"నాకు ఇరవయ్యేళ్ల సర్వీసు" అన్నాడు మెల్లగా. "తప్పు నాది కాదంటే నాది కాదని కొట్టుకున్నవాళ్లని చూశాను. నాదంటే నాదని కొట్టుకోవడం ఇదే మొదలు. ఇద్దరూ బయటికెళ్లండి. వాయువునే అడుగుదాం."

అడగడం తేలికే. రెండు గెటర్లున్నాయి. ఒకటి మామూలు వేడిలో పనిచేసేది, అనుమానం దాని మీద. రెండోది కొలిమిలా కాగేది. మొదటిదాని వాల్వులు మూసేసి, వాయువును రెండోదాని గుండానే తిప్పాలి. రేడాన్ నాలుగురోజులకోసారి సగమవుతుంది. కొత్తగా చేరేది ఆగిపోతే మెట్లు దిగినట్టు తగ్గుతూ రావాలి. తగ్గకపోతే జిగురు. గ్యాసు మాస్టారు స్వయంగా వాల్వులు మూశాడు. ఇక ఎదురుచూడ్డమే.

మొదటి వారం ఏమీ తేల్చలేదు. అంకెలు పైకీ కిందకీ ఊగాయి. ఆమె అన్నం సరిగ్గా తినడం మానేసింది. కాలుగాలిన పిల్లిలా ముందుగదికీ వంటింటికీ తిరిగింది.

అత్తగారు ఓపిక పట్టినన్నాళ్లు పట్టింది. శనివారం పొద్దున కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకు రేడాన్లూ గీడాన్లూ తెలీవు. ఒక్కటి అడుగుతా, సూటిగా చెప్పు. ఆయన తెచ్చాడని ఔనన్నావా?"

"ఏమో అత్తయ్యా. అదే భయం."

"ఔనని నువ్వు చెప్పావా, నీ యంత్రం చెప్పిందా?"

"యంత్రమే. రెండుసార్లు చూశాను."

"మరి యంత్రానికేం ప్రేమే ఆయనంటే?"

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. అత్తగారు భుజం మీద చెయ్యేసింది. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నంత మామూలుగా అంది:

"నా కొడుకు పోయాడు. కోడలు పోలేదు. ఈ తొమ్మిదేళ్లూ నువ్వు నన్ను చూసుకున్నావు, నేను నిన్ను చూసుకున్నాను, బాగానే ఉంది. కానీ నువ్వు ఈమధ్య అద్దంలో చూసుకుని జడ వేసుకుంటున్నావు. చాలాకాలం తర్వాత చూశాను అది. ఎంత బాగుందో నీకు తెలీదు. జిగురు పోతే పోయింది, ఇది పోగొట్టుకోకు."

"మీకు కష్టంగా ఉండదా?"

"ఎందుకుండదు? ఉంటుంది. వాడి ఫొటో చూసినప్పుడల్లా ఉంటుంది. నువ్వు ఒంటరిగా కూర్చుని తిన్నా ఉంటుంది. రెండింట్లో నాకు ఏ కష్టం నయమో నేను ఎప్పుడో తేల్చుకున్నా." ఆవిడ లేచింది. "ఊరందరికీ లైన్లు కలిపి రిటైరయ్యాను. ఇంట్లో ఒక్క లైను కలపడానికి ఇన్ని తిప్పలా, అమ్మా!"

* * *

రెండో వారం చివర్లో ఒక ఉదయం ఆమె తన గదిలో కౌంటరు గూడు తుడుచుకుంటోంది. నడవలో ఎవరో పరిగెత్తుతున్న చప్పుడైంది. దుమ్ము లేవకూడని శుభ్రగదుల నడవలో పరిగెత్తడం నిషేధం. తెల్లసూటు కాళ్లకు అడ్డం పడుతుంటే, టోపీ జారిపోతుంటే, గ్యాసు మాస్టారు గుమ్మం పట్టుకుని ఆగాడు.

"నాదే!" అన్నాడు ఒగరుస్తూ. "మేడమ్, నాదే! తప్పు నాదే!"

"ఏమిటి?"

"పడిపోయింది రేడాన్. పావుకన్నా కిందికి. ఇంకా పడుతోంది. గెటరే! మీ జిగురు బంగారం. మీ జిగురు అచ్చంగా బంగారం మేడమ్!"

ఆయన వెనకాలే పెద్దసారు వచ్చాడు. పరిగెత్తినందుకు తిట్టాలని వచ్చి ఉంటాడు. ఇద్దరినీ ఒకసారి చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆమె కుర్చీలో కూర్చుంది.

"తప్పు మీదని తేలితే అంత సంతోషమా మీకు?"

"మీది కాదని తేలినందుకు." ఆయన మాస్కు సర్దుకున్నాడు. "ఈ రెండు వారాలూ వాల్వుల దగ్గర కూర్చుని అదే అడుక్కున్నా. నాదే అవ్వాలి, నాదే అవ్వాలని. పంపులు కూడా విసుక్కున్నాయి."

ఆమె ఆయన వైపు చూసింది. అవే కళ్లు. ఇప్పుడు కింద మొహం ఎలా ఉంటుందో, నవ్వు ఏ పక్కకు వంగుతుందో తెలుసు.

"మాస్టారూ, ఒకటి అడగనా? ఇన్ని ఆదివారాలు మా ఇంటికొచ్చారు. ఒక్కసారి కూడా ఏమీ అడగలేదేం?"

"మీ దగ్గరికి ఏది తెచ్చినా కాదనే అంటారు కదండీ. స్టవ్వు వంకతో రావడమైనా మిగుల్తుందని..."

"నమూనా ఇవ్వకుండా ఫలితం ఎలా చెప్పమంటారు?"

ఆ మాట అర్థం కావడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గోడకు ఆనుకున్నాడు. చివరికి, "ఎన్ని వారాలు పడుతుందండీ?" అన్నాడు.

"ఇది ఎప్పుడో కొలిచేశాను" అంది ఆమె.

* * *

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాయి. సాక్షి సంతకం పెడుతూ అత్తగారు గుమస్తాను ఒక చిక్కుప్రశ్న అడిగింది. "బాబూ, ఈ అమ్మాయి నా కోడలు. మరి కోడలి మొగుడు నాకేమవుతాడు? కొడుకా, అల్లుడా?"

గుమస్తా బుర్ర గోక్కున్నాడు. "వరసల కాలమ్ ఏమీ లేదండి ఇందులో."

"అల్లుడైతే మర్యాదలు చెయ్యాలి. కొడుకైతే పని చెప్పొచ్చు" అని ఆలోచించి, "మీరేమంటారండీ?" అని గ్యాసు మాస్టారినే అడిగింది.

"పని చెప్పండి అత్తయ్యా" అన్నాడాయన.

"అత్తయ్యా అంటూనే కొడుకునంటాడు! రెండూ తనే అట!" అని ఆవిడ నవ్వి, "సరే, ఇంటికొచ్చేటప్పుడు బల్బు ఒకటి పట్టుకురా నాయనా, బాత్రూములోది పోయింది" అంది. ఆ క్షణం నుంచి ఆయనకు "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. ఆయన దాన్ని జీతం పెరిగినంత ఆనందంగా తీసుకున్నాడు.

కొత్త గెటర్ వచ్చింది. అంతకుముందు రెండింటిని ఆమె తిప్పి పంపింది. ఆయన ఇప్పుడు ఇంటి మనిషి కదా అని ఆఫీసులో ఒక మెట్టు దిగలేదు. ఆయన అడగనూ లేదు. మూడోదానికి రేడాన్ పరీక్ష కూడా చేయించి మరీ ఒప్పుకుంది. వాయువు శుభ్రపడింది. వెతికేది మాత్రం కనపడలేదు. మొదటి విడత ఫలితాలు ప్రకటించినప్పుడు పెద్దసారు రాసిన దాంట్లో సారాంశం ఒక్కటే: ఇంతవరకు రాలేదు, వచ్చేదైతే ఇంతకంటే అరుదు. పెద్ద పాత్ర కట్టాలి, ఇంకా శుభ్రంగా కట్టాలి. ఆ మాట చదివి ఇద్దరూ నిట్టూర్చారు, తర్వాత కొత్త పాత్రకు ఏ ఉక్కు బాగుంటుందో రాత్రి భోజనం దగ్గర వాదించుకున్నారు. అత్తగారు మజ్జిగ వడ్డిస్తూ ఇద్దరినీ కసిరింది.

వసంతంలో ఉద్యోగుల కుటుంబాలకు సొరంగం చూపించే రోజొకటి వచ్చింది. అత్తగారు హెల్మెట్టు పెట్టుకోనని పేచీ పెట్టి, తర్వాత పెట్టుకుని, దాంతో ఫొటో తీయమంది. వ్యానులో లోపలికి వెళ్లేటప్పుడు, పైన ఇంత బరువు రాయి ఉందా అని నాలుగుసార్లు అడిగింది.

పాత్ర ఉన్న హాలును అద్దం ఇవతల్నుంచి చూపించారు. ఆవిడకు పాత్ర అంతగా నచ్చలేదు, "ఇంతేనా, నీళ్ల ట్యాంకరులా ఉంది" అంది. పక్కనున్న స్క్రీను దగ్గర మాత్రం ఆగిపోయింది. అందులో వాయువులో గీసినట్టున్న ఒక వంకర దారం కనిపిస్తోంది. దారానికి రెండు కొసల్లోనూ రెండు వెలుగుముద్దలు.

"ఇదేమిటే?"

"ఒక పరమాణువులోంచి బయల్దేరిన రెండు ఎలక్ట్రాన్లు అత్తయ్యా. ఒకటి అటు, ఒకటి ఇటు పోయాయి. ఆగేచోట ఎక్కువ వెలుగిస్తాయి, ఆ ముద్దలు అవే. ఒకే ఎలక్ట్రానైతే ఒక కొసకే ముద్ద ఉంటుంది."

"అయితే దొరికినట్టేనా?"

"లేదు. ఇది మామూలుది. లెక్కలో కొంచెం శక్తి తక్కువైంది, న్యూట్రినోలు పట్టుకుపోయాయి."

"మామూలుదైతేనేం" అంది ఆవిడ, కళ్లజోడు ముక్కుమీదికి జార్చి స్క్రీనుకు దగ్గరగా వంగి. "ముచ్చటగా ఉంది."

తిరుగు ప్రయాణంలో వ్యాను చీకటి సొరంగంలో మెల్లగా వెళ్తుంటే ఆవిడ మాటలు తగ్గాయి. ఇద్దరి మధ్యా కూర్చుని, హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. తల మెల్లగా ఆయన భుజం మీదికి ఒరిగింది. ఆయన ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటున్నాడు.

వ్యాను బయటి ఎండలోకి వచ్చి ఆగింది. అందరూ దిగారు. డ్రైవరు వెనక్కి తిరిగి "దిగండి సార్" అనబోయాడు. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకుని ఆగమన్నట్టు సైగ చేశాడు. డ్రైవరు తలూపి, ఇంజను ఆపేసి, టీ తాగడానికి వెళ్లాడు.

ఆమె అత్తగారి ఒళ్లోంచి జారిపోతున్న హెల్మెట్టును చప్పుడు కాకుండా అందుకుని, ఆవిడ మొహం మీద ఎండ పడకుండా కిటికీకి అడ్డం పెట్టింది.